మిగతా తొంభై ఎక్కడికి పోయింది?

ఆహార జాలకం చదవడం నేర్చుకుందాం: మూడో పాఠం

పోయిన పాఠం చివర ఒక చెరువు ఇచ్చి, అందులో ఎవరిని ఎవరు తింటారో బాణాలతో గీయమన్నాను. నాచు, కంటికి ఆననంత చిన్న జంతు ప్లవకాలు, తూనీగ లార్వా, చిన్న చేప, పెద్ద చేప, కప్ప, కొంగ. ముందు ఆ బొమ్మ బయటికి తీయండి. కొంగ దగ్గర బయల్దేరిన బాణం చేప మీదికి వెళ్తోందా? అయితే రబ్బరు కూడా తీయండి. బాణం చేప దగ్గర మొదలై కొంగ దగ్గర ఆగాలి.

ఈ తప్పు చెయ్యనివాళ్ళు తక్కువ. నేనూ చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో జాలకం మొత్తం తలకిందులుగా గీసి, బొమ్మ భలే కుదిరిందని సంబరపడుతూ బయటికొచ్చాను. బాణం అనగానే మనకు వేట గుర్తొస్తుంది, ఎవరు ఎవరి మీద పడ్డారో చూపిస్తోందనుకుంటాం. అది చూపించేది తిండి వెళ్ళే దారిని. బాణం ములుకు ఎప్పుడూ పొట్ట వైపే ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకొకటి. కప్ప దగ్గర ఎన్ని బాణాలు ఆగాయి? పెద్ద కప్ప పురుగుల్ని తింటుంది కాబట్టి పురుగుల నుంచి ఒక బాణం గీసి ఊరుకుని ఉంటారు. తోకకప్పగా ఉన్నప్పుడు అదే జీవి నాచు గీక్కుని తింటుంది. అంటే ఒకే జీవి బొమ్మలో రెండు చోట్ల ఉండాలి. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం, వచ్చే పాఠంలో దానితో పనుంది.

ఇప్పుడు సరిచేసిన బొమ్మను మళ్ళీ చూడండి. నాచు నుంచి జంతు ప్లవకాలకు వెళ్ళే బాణం, చేప నుంచి కొంగకు వెళ్ళే బాణం, రెండూ ఒకే లావున ఉన్నాయి. చెరువులో అలా ఉండదు. మొదటి దారిలో వెయ్యి పాళ్ళ శక్తి వెళ్తుంటే చివరి దారిలో వెళ్ళేది ఏ ఒకటో రెండో పాళ్ళు. ఇవాళ ఆ బాణాల మీద అంకెలు వేయడం నేర్చుకుంటాం. పెన్సిలు, పేపరు ఉంటే చాలు. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం తప్ప ఏమీ రావు.

బడి పుస్తకాల్లో అందరం చదువుకున్న మాట ఒకటుంది: ఒక పోషక స్థాయి నుంచి పై స్థాయికి పది శాతం శక్తి వెళ్తుంది, మిగతా తొంభై శాతం వేడిగా పోతుంది. పోషక స్థాయి అంటే తెలుసు కదా, మొక్క మొదటి మెట్టు, మొక్కను తినేది రెండో మెట్టు, దాన్ని తినేది మూడో మెట్టు. ఆ వాక్యంలో మొదటి సగం ఉజ్జాయింపు మాట, కొన్నిచోట్ల సరిపోతుంది, కొన్నిచోట్ల సరిపోదు. రెండో సగం మాత్రం తప్పే. నాకు ఆ రెండో సగం మీద చాలాకాలంగా కోపం. 'వేడిగా పోయింది' అనేశాక ఇంకెవరూ ఆ తొంభై వైపు తిరిగి చూడరు. అడవి నేల, చెరువు అడుగు, ఎండుటాకుల కింద బతికే లక్షల జీవులు, అన్నీ ఆ తొంభైలోనే ఉన్నాయి.

అందుకని తొంభైని విడగొట్టి చూద్దాం. దానికి ఒక పురుగు చాలు.

ఒక్క గొంగళిపురుగు ఖాతా

ఆకుల అంచులు గుండ్రంగా కొరికేసి ఉన్న మొక్క ఎక్కడైనా కనిపిస్తే, దాని కింది ఆకుల మీద చూడండి. ఇసుక రేణువుల కన్నా కాస్త పెద్దవి, ముదురు రంగు ఉండలు రాలి ఉంటాయి. వాటికి తిన్నగా పైన వెతికితే ఏదో ఒక ఈనె కింద గొంగళిపురుగు అంటుకుని ఉంటుంది. చాలాసార్లు పురుగు కన్నా ముందు దాని పెంటే మన కంట పడుతుంది. ఒక ఉండను పుల్లతో చిదిపి చూడండి. లోపల ఆకు తునకలు ఇంకా పచ్చగానే ఉంటాయి. పురుగు కొరికింది, మింగింది, కానీ అందులో చాలా భాగం అరగకుండానే బయటికొచ్చేసింది. ఆకు కణాల గోడలు సెల్యులోజుతో కట్టినవి. దాన్ని విడగొట్టే శక్తి ఎక్కువ జంతువులకు సొంతంగా లేదు. ఆవుకు పొట్టలో సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి, గొంగళిపురుగుకు ఆ సదుపాయం లేదు. కణాల లోపలి రసం పీల్చుకుని గోడల్ని వదిలేస్తుంది. అందుకే అది పొద్దస్తమానం తింటూనే ఉంటుంది.

ఆ పురుగు 100 జౌళ్ళ శక్తి ఉన్న ఆకు తిన్నదనుకుందాం. అందులో 60 ఆ ఉండల్లో పోయింది. 26 పురుగు కదలడానికి, నమలడానికి, బతికి ఉండడానికి ఖర్చయింది. శ్వాసక్రియలో కాలి వేడిగా మారిందన్నమాట. మిగిలిన 14 పురుగు ఒళ్ళయింది. ఈ అంకెలు లెక్క నేర్పడానికి నేను వేసినవే గానీ, ఆకులు తినే పురుగుల తీరు మాత్రం ఇదే. ఇలా రాసుకోండి:

తిన్నది = పెంటగా పోయినది + శ్వాసలో కాలినది + ఒళ్ళుగా మారినది
100 = 60 + 26 + 14

జంతువు ఏదైనా ఈ లెక్క ఇంతే. పురుగైనా, ఏనుగైనా, తిమింగలమైనా ఎడమవైపు అంకె, కుడివైపు మొత్తం సమానం కావాలి. కాకపోతే ఏదో మర్చిపోయామని అర్థం. (మూత్రంగా పోయేదాన్ని నేను పెంటలోనే కలిపేశాను. లోతుగా చేసేవాళ్ళు దానికి వేరే గడి పెడతారు.)

ఇక్కడ కాసేపు ఆగండి. 100లో 14 పోగా మిగిలినది 86. ఇదంతా వేడేనా? 26 మాత్రమే వేడి. ఆ 26ను ఇంకే జీవీ పట్టుకుని తిండిగా మార్చుకోలేదు. అది గాల్లోకి, అక్కడి నుంచి చివరికి అంతరిక్షంలోకి పోతుంది. పెంటలో ఉన్న 60 అలా కాదు. ఆ ఉండల్ని బాగా ఎండబెట్టి అంటిస్తే మండుతాయి. అంటే శక్తి వాటిలోనే ఉంది. నేల మీద పడగానే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా, చిన్న చిన్న కీటకాలు దాని పని పడతాయి. పురుగు లెక్కలో అది నష్టం, ఆవరణ వ్యవస్థ లెక్కలో అది ఇంకొకరి తిండి. ఈ రెండు లెక్కల్ని కలిపేసినప్పుడే 'తొంభై శాతం వేడి' అనే మాట పుడుతుంది.

మీ బొమ్మకు రెండు కొత్త గుర్తులు చేర్చుకోండి. ప్రతి జీవి నుంచి పైకి, బొమ్మ బయటికి వెళ్ళే వంకర గీత ఒకటి. అది వేడి, దానికి తిరుగు ప్రయాణం లేదు. ప్రతి జీవి నుంచి కిందికి ఒక బాణం. అది పెంట, రాలిన ఆకు, చచ్చిన ఒళ్ళు, అన్నీ వెళ్ళే పెద్ద గడి. దానికి 'మృత పదార్థం' అని పేరు రాయండి. దాని పక్కన విచ్ఛిన్నకారుల గడి, అంటే దాన్ని కుళ్ళబెట్టి బతికే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా లాంటివాటిది. ఈ రెండు గడులూ లేని ఆహార జాలకం మీద అంకెలు వేయబోతే ఎప్పటికీ లెక్క కలవదు.

మూడు గుమ్మాలు

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఎంత శక్తి చేరుతుందో తెలుసుకోవాలంటే మూడు గుమ్మాలు లెక్కపెట్టాలి.

మొదటిది: ఉన్నదాంట్లో ఎంత తిన్నారు? అడవిలో చెట్లు ఏడాదికి తయారుచేసే పదార్థంలో ఆకు తినే జంతువుల నోటిదాకా వచ్చేది చాలాచోట్ల అయిదు శాతం చుట్టూనే ఉంటుంది. కలప ఎవరికీ ఒక పట్టాన అరగదు, ఆకుల్లో చేదూ విషాలూ ఉంటాయి. గడ్డి మైదానాల్లో తినేది ఇంకాస్త ఎక్కువ. సముద్రంలో తేలే వృక్ష ప్లవకాల్లో దాదాపు సగం దాకా తినేస్తారు, ఎందుకంటే వాటికి కాండమూ లేదు, బెరడూ లేదు, మొత్తం తినదగ్గదే.

రెండోది: తిన్నదాంట్లో ఎంత ఒంటపట్టింది? మన పురుగుకు 100లో 40. మాంసం తినేవాళ్ళకు ఇది ఎనభై శాతం దాకా ఉంటుంది. తింటున్న ఒళ్ళూ తమ ఒళ్ళూ ఒకే రకం సరుకు కాబట్టి అరగడం తేలిక.

మూడోది: ఒంటపట్టినదాంట్లో ఎంత ఒళ్ళయింది? పురుగుకు 40లో 14, అంటే 35 శాతం.

పుస్తకాల్లో వీటికి వినియోగ సామర్థ్యం, స్వాంగీకరణ సామర్థ్యం, ఉత్పత్తి సామర్థ్యం అని పేర్లున్నాయి. పేర్లు గుర్తుండకపోతే దిగులు పడకండి, ప్రశ్నలు గుర్తుంటే చాలు. మూడింటినీ హెచ్చవేస్తే మొత్తం బదిలీ ఎంతో వస్తుంది. ఆకులు తినే జీవులన్నీ కలిసి మొక్కల ఉత్పత్తిలో 10 శాతం తిన్నాయనుకోండి: 0.10 × 0.40 × 0.35 = 0.014. అంటే 1.4 శాతం. పదికి చాలా దూరం! అదే సముద్రంలో మొదటి గుమ్మం 0.50 అయితే, మిగతా రెండూ ఇవే అంకెలైనా, 7 శాతం వస్తుంది. పది శాతం అనేది ప్రకృతి రాసిపెట్టిన చట్టం కాదు, ఈ మూడు అంకెల లబ్ధం చాలాచోట్ల ఆ చుట్టుపక్కల తేలుతుంది, అంతే.

మూడో గుమ్మం దగ్గర ఇంకాస్త ఆగాలనిపిస్తోంది, ఎందుకంటే అసలు తేడాలన్నీ అక్కడే. కీటకాలు ఒంటపట్టినదాంట్లో నలభై శాతం దాకా ఒళ్ళుగా మార్చుకోగలవు. చేపల్లో అది పది శాతం చుట్టుపక్కల. పక్షులు, క్షీరదాలకు ఒకటి నుంచి మూడు శాతమే. మిగతాదంతా ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే సరి. బయట చలిగా ఉన్నా ఎండగా ఉన్నా వీటి ఒంటి పొయ్యి ఆరకూడదు. ఒళ్ళు చిన్నదైనకొద్దీ వేడి త్వరగా జారిపోతుంది కాబట్టి చుంచెలుక లాంటి చిన్న జంతువు రోజుకు దాదాపు తన బరువంత తిండి తింటుంది, కొన్ని గంటలు తిండి దొరక్కపోతే చచ్చిపోతుంది. పెద్ద పాము ఒకసారి మింగి నెలల తరబడి చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. చుంచెలుకతో పోలిస్తే పాము బద్ధకంగా కనిపిస్తుంది గానీ, శక్తి లెక్కలో చూస్తే మహా పొదుపరి.

ఇప్పుడు మీ బొమ్మలోని కొంగ ఎందుకు ఒంటరిగా నిలబడి ఉందో అర్థమవుతుంది. అది చివరి మెట్టు, పైగా వెచ్చటి నెత్తురు. బ్రిటిష్ ఆవరణ శాస్త్రజ్ఞుడు చార్ల్స్ ఎల్టన్ 1927లో, కింది మెట్ల మీద జీవులు లెక్కకు మించి ఉంటాయని, పైకి వెళ్ళేకొద్దీ తగ్గిపోతాయని రాశాడు. ఆయన లెక్కపెట్టింది తలల్ని. తలల లెక్కతో ఒక ఇబ్బంది ఉంది: ఒక పెద్ద చెట్టు మీద వేల పురుగులుంటాయి, అక్కడ ఆ మెట్లను ఒకదానిపై ఒకటి పేర్చిన పిరమిడ్ తలకిందులవుతుంది. బరువు తూచినా కొన్నిచోట్ల అంతే. ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న ఇంగ్లిష్ చానెల్ నీళ్ళలో ఒక్క క్షణం బరువు తూస్తే, తినబడే వృక్ష ప్లవకాల కన్నా వాటిని తినే జంతు ప్లవకాల బరువే ఎక్కువ తేలింది. వృక్ష ప్లవకాలు రోజుల్లోనే పుట్టి, పెరిగి, తినబడి, మళ్ళీ పుడుతుంటాయి, అందుకని ఏ క్షణంలో చూసినా అవి తక్కువగానే కనిపిస్తాయి. ఏడాది పొడవునా ఎంత శక్తి పారిందో లెక్కిస్తే మాత్రం పిరమిడ్ నిటారుగానే నిలుస్తుంది. కింది మెట్టు ఇచ్చినదానికన్నా పై మెట్టు ఎక్కువ పుచ్చుకోలేదు కదా. అందుకే మనం తలలూ వద్దు, బరువులూ వద్దు, శక్తినే లెక్కపెడుతున్నాం.

ఆ దారి చూపించినవాడు రేమండ్ లిండెమన్ అనే ఆవరణ శాస్త్రజ్ఞుడు. అమెరికాలో మిన్నెసోటాలోని సెడార్ బాగ్ అనే చిన్న సరస్సులో అయిదేళ్ళ పాటు నాచు మొదలుకుని చేపల దాకా తూచి, తినేవాళ్ళనూ తినబడేవాళ్ళనూ శక్తి అనే ఒకే కొలతలోకి తెచ్చాడు. ఆ సరస్సులో మొక్కల నుంచి శాకాహారులకు చేరింది 13.3 శాతం. ఈ లెక్కలతో ఆయన రాసిన వ్యాసాన్ని సమీక్షకులు మొదట వద్దన్నారు, చేతిలో సమాచారం తక్కువ, సిద్ధాంతం ఎక్కువ అని. చివరికి 1942 అక్టోబరులో అచ్చయింది. అప్పటికి లిండెమన్ లేడు, ఆ జూన్‌లోనే, 27 ఏళ్ళు నిండకుండానే జబ్బుతో పోయాడు.

ఒక నీటి ఊట మొత్తం ఖాతా

ఇప్పుడు అసలైన అంకెలతో ఒక లెక్క చేద్దాం. అమెరికాలోని ఫ్లోరిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అనే పెద్ద ఊట ఉంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఏడాదంతా దాదాపు ఒకే వేడిమి, ఒకే ప్రవాహం. నీటి అడుగున పొడుగాటి ఆకుల మొక్క, దాని ఆకులకు అంటుకున్న నాచు, వాటిని తినే నత్తలు, తాబేళ్ళు, పురుగులు, వాటి మీద చేపలు. హోవార్డ్ ఓడమ్ అనే ఆవరణ శాస్త్రజ్ఞుడు అక్కడ పగలూ రాత్రీ నీటిలో ఆక్సిజన్ కొలిచి, 1957లో మొత్తం ఖాతా అచ్చు వేశాడు. పగలు పెరిగే ఆక్సిజన్ మొక్కల సంపాదన చెప్తుంది, రాత్రి తగ్గేది అందరి ఖర్చూ చెప్తుంది. పద్ధతి ఇంత సాదాగా ఉండడమే దాని అందం.

అంకెలన్నీ చదరపు మీటరుకు, ఏడాదికి, కిలోకేలరీల్లో. మీ పేపరు మీద కూడా వేస్తూ రండి.

ఎండ 17,00,000 పడింది. అందులో మొక్కలు పీల్చుకున్నది 4,10,000. కిరణజన్య సంయోగక్రియలో చక్కెరగా మారింది 20,810. పడిన ఎండలో ఇది 1.2 శాతం. మెట్ల మధ్య జరిగే నష్టాల గురించి ఇంత మాట్లాడతాం గానీ, అన్నిటికన్నా పెద్ద తరుగు ఈ మొదటి అడుగులోనే ఉంది. ఈ 20,810ని స్థూల ఉత్పత్తి అంటారు. మొక్కలూ ఊపిరి పీల్చాలి కాబట్టి 11,977 అవే కాల్చుకున్నాయి. మిగిలింది 8,833, నికర ఉత్పత్తి. తినేవాళ్ళకు అందుబాటులో ఉన్నది ఇదీ, బయటి నుంచి కొట్టుకొచ్చి చేరిన సేంద్రియ పదార్థం 486, రెండూ కలిపి 9,319.

శాకాహారుల ఒంటపట్టింది 3,368. అందులో శ్వాసకు 1,890.
వాటిని తినే మాంసాహారుల ఒంటపట్టింది 383. శ్వాసకు 316.
ఆ పైన ఉన్న పెద్ద మాంసాహారులకు 21. శ్వాసకు 13.
విచ్ఛిన్నకారులకు 5,060. శ్వాసకు 4,600.
ప్రవాహంతో కిందికి కొట్టుకుపోయింది 2,500.

ముందు శాతాలు. 3,368ని 20,810తో భాగిస్తే 16.2. తర్వాతి మెట్టుకు 11.4. ఆ పైన 5.5. ఒక్కటీ సరిగ్గా పది కాదు. 21 తర్వాత ఇంకో మెట్టు ఉంటే దానికి చదరపు మీటరుకు ఒకటో రెండో కిలోకేలరీలు దక్కేవి. వాటిని పోగుచేసుకోవడానికి అది తిరగాల్సిన దూరమే దాన్ని తినేస్తుంది. గొలుసులు నాలుగైదు కొంకులు దాటకపోవడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. ఇదొక్కటే కారణమని ఆవరణ శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోరు, పొడుగాటి గొలుసులు చిన్న కుదుపుకే తెగిపోతాయనే వాదన కూడా ఉంది.

ఇప్పుడు మృత పదార్థం గడి నింపుదాం. చాలామంది వదిలేసే గడి ఇదే. ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేయండి: వచ్చిందాంట్లో శ్వాస పోగా, పై మెట్టు తీసుకున్నది పోగా, ఎంత మిగిలింది?

మొక్కల దగ్గర: 9,319 − 3,368 = 5,951.
శాకాహారుల దగ్గర: 3,368 − 1,890 − 383 = 1,095.
మాంసాహారుల దగ్గర: 383 − 316 − 21 = 46.
పెద్ద మాంసాహారుల దగ్గర: 21 − 13 = 8.

మొత్తం 7,100. పెంట ఏదీ అని అడుగుతారేమో. ఓడమ్ రాసినవి ఒంటపట్టిన అంకెలు, నోట్లోకి వెళ్ళినవి కాదు. కాబట్టి శాకాహారుల పెంట 5,951లో, మాంసాహారులది 1,095లో దానంతటదే కలిసిపోయింది. దాన్ని మళ్ళీ విడిగా కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టు. ఈ పాఠంలో ఎక్కువమంది జారిపడే చోటు ఇదే.

7,100లో విచ్ఛిన్నకారులు 5,060 తీసుకున్నాయి. మిగిలింది 2,040. విచ్ఛిన్నకారులు శ్వాస పోగా తమ ఒళ్ళుగా చేసుకున్నది 5,060 − 4,600 = 460. రెండూ కలిపితే 2,500. పైన రాసిన అంకె చూడండి, ప్రవాహంతో కొట్టుకుపోయింది సరిగ్గా 2,500! మొదటిసారి ఈ లెక్క చేసి, రెండు వైపులా కలిసినప్పుడు నేను మళ్ళీ మొదట్నుంచీ చేసి చూసుకున్నాను, పొరపాటున కలిసిందేమోనని.

ఇంకో వైపు నుంచి కూడా సరిచూడొచ్చు. అందరి శ్వాసా కూడండి: 11,977 + 1,890 + 316 + 13 + 4,600 = 18,796. దానికి 2,500 కలిపితే 21,296. లోపలికి వచ్చింది 20,810 + 486, అదీ 21,296.

ఇప్పుడు ఒక పోలిక. నత్తలు, తాబేళ్ళు, చేపలు అన్నీ కలిసి శ్వాసలో కాల్చింది 1,890 + 316 + 13 = 2,219. కంటికి కనబడని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు కాల్చింది 4,600. రెట్టింపు కన్నా ఎక్కువ. అద్దంలాంటి ఆ నీళ్ళలోకి తొంగిచూసినవాళ్ళు చేపల్ని చూసి మురిసిపోతారు. శక్తిలో పెద్ద వాటా పారుతున్నది అడుగు బురదలో. అడవిలో ఈ తేడా ఇంకా ఎక్కువ, అక్కడ నికర ఉత్పత్తిలో తొంభై శాతానికి పైగా ఎవరూ కొరకకుండానే రాలి నేల చేరుతుంది. పచ్చి ఆకు నుంచి మొదలయ్యే గొలుసు ఒకటి, ఎండుటాకు నుంచి మొదలయ్యే గొలుసు ఒకటి. బొమ్మల్లో ఎప్పుడూ మొదటిదే గీస్తాం. వానపామును తినే పక్షి రెండో గొలుసు మీద బతుకుతోందని గమనించండి.

అభ్యాసం

ఒక గడ్డి మైదానం. అంకెలు నేను వేసినవే, చదరపు మీటరుకు ఏడాదికి కిలోజౌళ్ళు. గడ్డి నికర ఉత్పత్తి 10,000. మిడతలు తిన్నది 1,500, వాటి పెంట 900, శ్వాస 400. కప్పలు తిన్న మిడతలు 120, కప్పల పెంట 20, శ్వాస 80. కప్పల్ని తినేవాళ్ళు ఎవరూ లేరు, చచ్చినవి చచ్చినట్టు నేలలో కలుస్తాయి. జాగ్రత్త, ఈసారి ఇచ్చినవి నోట్లోకి వెళ్ళిన అంకెలు.

ముందు మిడతకు మూడు గుమ్మాల శాతాలు కట్టండి. తర్వాత మిడతలు, కప్పలు ఎంత ఒళ్ళు చేసుకున్నాయో కనుక్కోండి. ఆ తర్వాత మృత పదార్థం గడిలోకి వెళ్ళే బాణాలన్నీ గీసి అంకెలు వేసి కూడండి, మొత్తం అయిదు బాణాలు రావాలి. ఏడాది చివర నేలలో ఏమీ కొత్తగా నిల్వ చేరలేదనుకుంటే, విచ్ఛిన్నకారుల నుంచి వేడిగా పోయేది ఎంత? అందరి వేడీ కలిపితే 10,000 రావాలి. రాకపోతే ముందు పెంట ఎక్కడ రాశారో చూడండి. ఇదంతా అయ్యాక, నేలలో 500 హ్యూమస్‌గా, అంటే పూర్తిగా విచ్ఛిన్నం కాని పదార్థంగా మిగిలిపోయిందంటే ఏ అంకె మారుతుందో, ఏది మారదో రాయండి.

చివరిగా ఒకటి. కప్పల్ని తీసేసి, అదే 120 మిడతల్ని ఒక పిట్టకు పెట్టండి. పెంటగా 24 పోయింది, ఒంటపట్టినదాంట్లో 2 శాతమే ఒళ్ళయింది. పిట్ట ఒళ్ళెంత, కప్ప ఒళ్ళెంత? ఆ మైదానంలో పిట్టల్ని తిని బతకాలనుకునే డేగకు ఎంత చోటు కావాలో, కప్పల్ని తినే పాముతో పోల్చి ఊహించండి.

జవాబులు నాలుగో పాఠంలో. ఆ పాఠంలోనే, ఒకే జీవి రెండు మెట్ల మీద తింటుంటే దాన్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో చూద్దాం. పక్కన పెట్టిన తోకకప్పను వెంట తెచ్చుకోండి.